వంతెన దగ్గర నీరసించే బండి

రాజోలు వైపు నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. సంగతి ఇదీ.

ఆమె భర్త ఏడేళ్లుగా కువైట్‌లో పనిచేస్తున్నారు. ఇంట్లో అత్తయ్య, మామయ్య, డిగ్రీ చదువుతున్న మరిది, మూడో తరగతి చదివే పాప. అత్తయ్యకు సోమ, బుధ, శుక్రవారాల్లో అమలాపురంలో డయాలసిస్. రెండేళ్ల కిందట భర్త సెలవు మీద వచ్చినప్పుడు ఏడు సీట్ల డీజిల్ కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఈమె డ్రైవింగ్ నేర్చుకుని, అప్పటి నుంచి అత్తయ్యను తనే తీసుకెళ్లి తీసుకొస్తున్నారు. సంక్రాంతి వెళ్లాక బండి మొరాయించడం మొదలుపెట్టింది. ఊళ్లలో బాగానే నడుస్తుంది. పాశర్లపూడి దాటి బోడసకుర్రు వంతెన ఎక్కేటప్పుడు మాత్రం "వెనక ఎవరో తాడు కట్టి పట్టుకున్నట్టు" లాగదు, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. పక్కకు ఆపి, తాళం తీసి, మళ్లీ స్టార్ట్ చేస్తే కొంతసేపు మామూలుగా వెళుతుంది.

మామయ్యకు ఇరవై ఏళ్లుగా తెలిసిన షెడ్డు మేస్త్రీ కంప్యూటర్ పెట్టి చూసి, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) పోయిందనీ, మార్చడానికి 70 వేలు అవుతుందనీ చెప్పారు. మరిది వీడియోలు చూసి, అది టర్బో కాదు, దానికి గాలి సర్దే చిన్న సొలినాయిడ్ వాల్వ్‌లో మురికి చేరింది, కార్బురేటర్ క్లీనర్ కొడితే పది నిమిషాల పని అంటున్నాడు. భర్త ఫోన్‌లో "వాడు చెప్పినట్టు చెయ్యి, 70 వేలు ఎక్కడి నుంచి తెస్తాం" అన్నారు. మామయ్య మాత్రం "ఇంజిన్‌లో చేతులు పెట్టి పాడుచేస్తే సోమవారం మీ అత్తను ఎలా తీసుకెళ్తావ్" అని కోప్పడ్డారు. ఆ మాటకు ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగా అన్నం తినలేదట. ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: "కొబ్బరి తోటలో మోటారు స్టార్టర్ పాడైతే మల్టీమీటర్ పెట్టి నేనే చూసుకుంటాను. షెడ్డుకెళ్తే మాత్రం మీ ఇంట్లో మగాళ్లను పంపమ్మా అంటారు. నిజం చెప్పాలంటే ఇది నాకే చేయాలని ఉంది. చేయవచ్చా? ఇంట్లో ఎవరిని ఎలా ఒప్పించాలి?"

అమ్మా, 

మీరు పంపిన స్కానర్ చీటీ ఫొటో చూశాను. అందులో ఉన్నది పి 0299 అనే కోడ్. టర్బో ఇవ్వాల్సినంత గాలి ఒత్తిడి రావడం లేదని దాని అర్థం. అది జ్వరం ఎంతుందో చెప్పే థర్మామీటర్ లాంటిది. జ్వరం మలేరియా వల్లా టైఫాయిడ్ వల్లా అన్నది అందులో రాసి ఉండదు. మేస్త్రీ గారు దాన్ని "టర్బో పోయింది" అని చదివారు, మీ మరిది "సొలినాయిడ్" అని చదివాడు. ఇద్దరూ ఆ చీటీలో లేనిది చదివారు. మీ ఇంట్లో రెండు రోజులు అన్నం సయించకుండా చేసిన గొడవకు మూలం నాకు ఇక్కడే కనిపించింది.

ముందు ఆ వాల్వ్ ఏం చేస్తుందో చెబుతాను. మీరు రాసిన వివరాలను బట్టి మీ బండిది వ్యాక్యూమ్‌తో నడిచే టర్బో. ఇంజిన్‌కు ఉన్న చిన్న వ్యాక్యూమ్ పంపు గాలిని పీల్చేస్తూ ఉంటుంది. ఆ పీల్పును టర్బో పక్కనున్న డబ్బీకి ఎంత పంపాలో సొలినాయిడ్ నిర్ణయిస్తుంది. డబ్బీకి ఉన్న కడ్డీ కదిలితే టర్బో లోపలి రెక్కలు మూసుకుంటాయి, తెరుచుకుంటాయి. రెక్కలు సందు తగ్గిస్తే పొగ వేగంగా తగిలి టర్బో గట్టిగా తిరుగుతుంది. వ్యాక్యూమ్ అందకపోతే రెక్కలు తెరుచుకునే ఉండిపోతాయి, గాలి ఒత్తిడి పెరగదు. అది గమనించిన కంప్యూటర్ ఇంజిన్‌ను కాపాడటానికి డీజిల్ తగ్గిస్తుంది. మీరు చెప్పిన తాడు కట్టి లాగినట్టుండటం అదే. తాళం తీసి పెడితే కంప్యూటర్ మళ్లీ మొదటి నుంచి చూస్తుంది కాబట్టి కాసేపు బాగుంటుంది.

వంతెన దగ్గరే ఎందుకు? మన కోనసీమ అంతా చదును నేల. కాలవ గట్ల మీద, ఊళ్ల మధ్య నలభైలో వెళ్లే బండికి టర్బోతో పెద్దగా అవసరం పడదు. బరువు లాగాల్సిన చోటంటూ మీకు రోజూ ఎదురయ్యేది గోదావరి పాయ వైనతేయ మీద ఆ వంతెన ఒక్కటే. అంటే లోపం వంతెన దగ్గర పుట్టడం లేదు, అక్కడ బయటపడుతోంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఎప్పుడూ నెమ్మదిగా నడిచే డీజిల్ బండిలో టర్బో రెక్కల మీద మసి పేరుకుంటుంది, అవి బిగుసుకుంటాయి. అది కూడా ఇదే కోడ్ ఇవ్వవచ్చు.

కాబట్టి సొలినాయిడ్ మీద చేయి వేసేముందు, పైసా ఖర్చు లేకుండా మీరు చూడగలిగినవి ఉన్నాయి. నాకైతే వీటి మీదే ఎక్కువ నమ్మకం.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, పొద్దున్నే బానెట్ ఎత్తండి. వేడి బండిలో టర్బో దగ్గర చేయి పెట్టకూడదు, కాలితే తోలు ఊడి వస్తుంది. పెన్సిల్ అంత లావున్న నల్ల రబ్బరు పైపులు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నాయో వేలితో తడుముతూ వెళ్లండి. కొబ్బరి తోటల్లో పెట్టే బండ్లకు ఎలుకల బాధ మీకు తెలియనిది కాదు. కొరికిన పైపు ఒక్కటి చాలు, ఈ లక్షణాలన్నీ రావడానికి. కొరకకపోయినా, ఏళ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడి, చివర్ల దగ్గర వెంట్రుకంత చీలిక వస్తుంది. వంచి చూస్తేనే కనిపిస్తుంది. ఆ పైపు మీటర్ల లెక్కన దొరుకుతుంది, ఖరీదు తక్కువే.

తర్వాత టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే లావు పైపులు. జాయింట్ల దగ్గర కొత్తగా నూనె తడి ఉందా? నడిచేటప్పుడు బుస్సుమని గాలి కారే చప్పుడు వస్తోందా? ఉంటే గాలి అక్కడ కారిపోతోంది. ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి చూడండి.

ఆ తర్వాత మరిదిని స్టార్ట్ చేయమని, మీరు టర్బో డబ్బీ కడ్డీని దూరం నుంచి చూడండి. బెల్టుకూ ఫ్యానుకూ చున్నీ, జడ, చేతులు దగ్గరకు రానీయొద్దు. చాలా బండ్లలో స్టార్ట్ చేయగానే కడ్డీ లోపలికి లాగినట్టు కదులుతుంది, ఆపగానే వదులుతుంది. అసలు కదలకపోతే డబ్బీకి వ్యాక్యూమ్ అందడం లేదు, లేదా రెక్కలు బిగుసుకున్నాయి. ఏదో తేల్చడానికి ఇంజిన్ ఆపేసి, డబ్బీ వైపు పైపుకు మందుల షాపులో దొరికే 60 మి.లీ. సిరంజి తగిలించి లాగండి. కడ్డీ కొద్దిగానైనా కదిలి, పట్టి ఉంచినంతసేపు నిలిస్తే డబ్బీ బాగున్నట్టు. లాగిన గాలి లాగినట్టే వచ్చేస్తుంటే డబ్బీ లోపలి పొర చిరిగింది. గట్టిగా లాగినా కడ్డీ కదలక మొండికేస్తే రెక్కల దగ్గర పని ఉంది. అప్పుడు మేస్త్రీ గారి మాటలో కొంత నిజం ఉన్నట్టే.

ఒక ప్రశ్నకు మాత్రం మీరు ఈరోజే జవాబు వెతకాలి. బ్రేకు పెడల్ ఈ మధ్య గట్టిగా అనిపిస్తోందా? అదే వ్యాక్యూమ్ పంపు మీ బ్రేకులకు కూడా బలం ఇస్తుంది. పెడల్ గట్టిపడి ఉంటే ఇది పికప్ సమస్య కాదు, ప్రాణం సమస్య. అత్తయ్యను ఆ బండిలో ఎక్కించొద్దు. అలాగే నీలం పొగ, ఇంజిన్ ఆయిల్ తరచూ తగ్గడం, అంబులెన్సు సైరన్ లాంటి కూత వినిపిస్తే అసలు టర్బోనే దెబ్బతిన్నదని అనుమానించాలి. అది నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే వస్తువు. అలాంటి కూతతో బండి నడపకూడదు. మీ ఉత్తరంలో వీటిలో ఏదీ లేదు. అందుకే నాకు ఆశ ఉంది.

ఇక మీరు అడిగిన సొలినాయిడ్. పైవన్నీ బాగుండి, కడ్డీ మాత్రం సరిగా కదలకపోతే అప్పుడు దాని వంతు. శుభ్రం చేయడం మీవల్ల అవుతుంది. స్టార్టర్ విప్పిన చేతులకు ఇది కష్టం కాదు. కానీ మీ మరిది చెప్పిన పద్ధతిలో రెండు తప్పులున్నాయి.

మొదటిది కార్బురేటర్ క్లీనర్. దాంట్లోని ఘాటైన ద్రావకాలు సొలినాయిడ్ లోపలి రబ్బరును ఉబ్బిస్తాయి, ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తాయి. అప్పటికి బాగైనట్టే కనిపించి, వారానికి మళ్లీ మొదటికొస్తుంది. పెట్రోలు, కిరోసిన్ కూడా వద్దు. ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ అని స్ప్రే డబ్బా దొరుకుతుంది, అది కావాలి. లేదంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. రెండూ భగ్గున మండేవే. వరండాలో కూడా కాదు, ఆరుబయట పెట్టుకోండి. దగ్గర్లో దోమల చుట్ట గానీ అగరబత్తి గానీ ఉండకూడదు.

రెండో తప్పు పది నిమిషాలు. గాలిలో ఇంత చెమ్మ ఉన్న మన ప్రాంతంలో కొట్టిన మందు లోపల పూర్తిగా ఆరడానికి ఒక రాత్రి వదిలేయడమే మంచిది.

పని ఇలా సాగుతుంది. తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. సొలినాయిడ్‌కు రెండో మూడో పైపులు ఉంటాయి: ఒకటి పంపు నుంచి వచ్చేది, ఒకటి టర్బో డబ్బీకి వెళ్లేది. మూడోది బయటి గాలి పీల్చుకునేది, కొన్నింటికి దాని చోట చిన్న స్పాంజి ఫిల్టర్ ఉంటుంది. పైపులు ఊడదీసే ముందు ఫోన్‌లో ఫొటో తీయండి. అది చాలదు, కుట్టు పెట్టెలోంచి మూడు రంగుల దారాలు తెచ్చి ఒక్కో పైపుకూ, అది తగిలే ముక్కుకూ ఒకే రంగు కట్టండి. ఫొటోలో నల్ల పైపులన్నీ ఒకేలా కనిపిస్తాయి. పైపులు తారుమారైతే టర్బో అసలు పనిచేయకపోవచ్చు, లేదా అడ్డూ అదుపూ లేకుండా గాలి నింపవచ్చు. రెండోది ఇంజిన్‌కు చేటు. పైపును నేరుగా లాగకండి. పాత ప్లాస్టిక్ ముక్కు పుటుక్కున విరుగుతుంది. వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను కాసేపు చుట్టి, ముందు మెలితిప్పి, తర్వాత నెమ్మదిగా లాగండి.

బయటికి తీశాక ముందుగా వైరు కనెక్టర్‌లోకి చూడండి. సముద్రపు ఉప్పు గాలికి అక్కడి పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. మన తీర ప్రాంతంలో సొలినాయిడ్ లోపలి మురికి కన్నా ఈ చిలుమే దోషి కావడం ఎంతైనా సాధ్యం. అదే క్లీనర్ కొట్టి, మెత్తటి పాత పళ్ల బ్రష్‌తో రుద్దితే సరిపోతుంది. మీ మల్టీమీటర్‌ను 200 ఓమ్‌ల దగ్గర పెట్టి సొలినాయిడ్ రెండు పిన్నుల మధ్య కొలవండి. చాలా వాటిలో 15 నుంచి 35 ఓమ్‌ల మధ్య చూపిస్తుంది. మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకె దొరికితే అదే ప్రమాణం. మీటరు ఏమీ చూపకపోతే లోపలి తీగ తెగింది. సున్నా దగ్గర చూపితే కాలిపోయింది. ఈ రెంటిలో ఏదైనా శుభ్రం చేసి లాభం లేదు, కొత్తది వేయాలి.

మీటరు బాగానే చూపితే, శుభ్రమైన చిన్న పైపు ముక్క తగిలించి, క్లీనర్ కొట్టకముందే నోటితో ఊది చూడండి. వాల్వ్‌కు కరెంటు అందనప్పుడు టర్బో డబ్బీ ముక్కు నుంచి బయటి గాలి ముక్కుకు ఊపిరి పోవాలి, పంపు వైపు పోకూడదు. (పెట్రోలు టర్బో కార్లున్న పాఠకులు ఈ పరీక్ష చేయకండి. వాటిలో చాలావరకు వ్యాక్యూమ్ కాదు, టర్బో ఒత్తిడే ఈ వాల్వ్ గుండా నడుస్తుంది, దారులు వేరు.) స్పాంజి ఫిల్టర్ నల్లగా మూసుకుపోయి ఉంటే, జబ్బు అక్కడే దొరికిందనుకోండి. తర్వాత ప్రతి ముక్కులోకీ కొద్దికొద్దిగా కొట్టి, ఊపి, తలకిందులు చేసి తెల్ల గుడ్డ మీద కార్చండి. నూనె, మసి రంగు పోయేదాకా అలా చేయండి. ఆరబెట్టడానికి టైర్ల షాపు గాలి పెట్టకండి, ఆ ఒత్తిడికి లోపలి రబ్బరు పక్కకు జరుగుతుంది. టక్‌మని చప్పుడు వస్తుందా లేదా అని బ్యాటరీ వైర్లు నేరుగా తగిలించడం మీ మరిది వీడియోలో చూసి ఉంటాడు. కొన్నింటిలో లోపల డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) ఉంటుంది, ప్లస్సు మైనస్సు మారితే అది కాలిపోతుంది. మీటరు ఉండగా ఆ పరీక్ష మీకు అవసరం లేదు.

గుడ్డ మీద నూనె బాగా కారితే ఒక మాట గుర్తుంచుకోండి. అది ఎక్కడి నుంచో వస్తోంది, వ్యాక్యూమ్ పంపు నుంచే కావచ్చు. ఇప్పుడు శుభ్రం చేసినా మళ్లీ నిండుతుంది. ఒకసారి శుభ్రం చేశాక నెలలోపు అదే కోడ్ తిరిగొస్తే రెండోసారి శుభ్రం చేయకండి. కొత్త సొలినాయిడ్ వేసి, పంపు చూపించండి.

ఇంటి సంగతికి వస్తాను.

మేస్త్రీ గారు మోసం చేస్తున్నారా అని అడగలేదు కానీ, ఆ అనుమానం మీ ఉత్తరంలో రెండు చోట్ల తొంగిచూసింది. నాకలా అనిపించడం లేదు. పైపులు, వాల్వ్, డబ్బీ ఒక్కొక్కటే చూసి, సరిపోకపోతే మీరు మళ్లీ మళ్లీ రావాల్సి వస్తుంది. డయాలసిస్ బండి అని తెలిసిన మనిషి, ఒక్క దెబ్బకు తేలిపోయే పని చెప్పి ఉంటారు. ఆయన్ను "వ్యాక్యూమ్ ఎంత వస్తోందో గేజి పెట్టి చూశారా అండీ? కడ్డీ కదులుతోందా?" అని మర్యాదగా అడగండి. చూశాను, రెక్కలు బిగుసుకున్నాయి అంటే ఆయన మాటకు విలువుంది. అప్పుడు కూడా టర్బో మొత్తం మార్చాలా, విప్పి రెక్కల మసి తీస్తే సరిపోతుందా అని అడగాలి. చూడలేదంటే, చూడమనండి. ఇరవై ఏళ్ల స్నేహానికి ఆ ప్రశ్న వల్ల లోటేమీ రాదు.

మామయ్య గారి కోపం ఇంజిన్ గురించి కాదమ్మా. సోమవారం గురించి. భార్య ప్రాణం వారానికి మూడుసార్లు ఆ వంతెన దాటాలి, ఆయనకు డ్రైవింగ్ రాదు, కొడుకు దూరాన ఉన్నాడు. ఆయనతో సొలినాయిడ్ గురించి వాదిస్తే ఆయన భయానికి జవాబు దొరకదు. "ఆది, సోమ, మంగళ, బుధ, గురు, శుక్రవారాల్లో బండి విప్పను మామయ్యా. శనివారం పొద్దున మాత్రమే ముట్టుకుంటాను. ఆదివారం సాయంత్రానికి నాకు నమ్మకం కుదరకపోతే సోమవారానికి కారు అద్దెకు మాట్లాడి ఉంచుతాను" అని చెప్పి చూడండి. ఆ అద్దె డబ్బు ముందే తీసి ఆయన చేతికిస్తే ఇంకా మంచిది.

మీ వారు దూరం నుంచి తేలిగ్గా చెప్పేశారని మీకు బాధగా ఉంది. ఆయన మాటలో నాకు వినిపించింది 70 వేల గురించిన టెన్షన్. శుభ్రం చేయమన్నది అందుకే. ఆయనకు ఈ ఉత్తరంలోని వరస చదివి వినిపించండి. ముందు పైపులు, తర్వాత కడ్డీ, ఆ తర్వాత వాల్వ్. అప్పటికీ తేలకపోతే గేజీ, నడుస్తుండగా ఒత్తిడి చూపే స్కానర్ రెండూ ఉన్న ఇంకో షెడ్డులో కొన్ని వందలు పెట్టి రెండో అభిప్రాయం. టర్బో అన్నిటికన్నా చివర.

మరిదిని పక్కన పెట్టకండి. దోషి సొలినాయిడే కావచ్చని చెప్పడంలో అతను తప్పు చేయలేదు. టార్చి పట్టుకోవడం, స్టార్ట్ చేయడం, ఫొటోలు తీయడం అతని పని. స్ప్రే డబ్బా మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.

ఇక మీ కోరిక. "నాకే చేయాలని ఉంది" అన్న వాక్యాన్ని మీరు ఉత్తరం చివర, చిన్న అక్షరాలతో, తప్పు ఒప్పుకుంటున్నట్టు రాశారు. అందులో తప్పేముంది? రెండేళ్లుగా ఆ బండి చప్పుడు రోజూ వింటున్నది మీరు. వంతెన ఎక్కేటప్పుడు మాత్రమే లాగడం లేదని పట్టుకున్నది కూడా మీరే. షెడ్డులో ఎవరికీ దొరకని ఆధారం అది. మీరు చేయొద్దని నేను ఎందుకు చెబుతాను? అయితే ఒకవేళ పైపు కొరికి ఉండి, సొలినాయిడ్ ముట్టుకునే అవసరమే రాకపోతే నిరాశపడకండి. కనిపెట్టడమే అసలు పని. ఒకవేళ శనివారం బానెట్ ఎత్తాక ఆ వాల్వ్ ఇంజిన్ వెనక చేయి దూరని చోట ఉందని తేలితే, లేదా టర్బో దగ్గర పైపుల బదులు వైర్ల కనెక్టరే కనిపిస్తే, అక్కడే ఆగి మేస్త్రీ గారిని పిలవండి. వైర్లుంటే అది కరెంటుతో నడిచే రకం, నేను చెప్పింది దానికి వర్తించదు.

అన్నీ బిగించాక పాత కోడ్ చెరిపించండి. ఆదివారం పొద్దున రద్దీ లేని వేళ, అత్తయ్య లేకుండా, మరిదిని పక్కన కూర్చోబెట్టుకుని బోడసకుర్రు వంతెన రెండుసార్లు ఎక్కి దిగండి. ఇంజిన్ బాగా వేడెక్కాకే ఎక్కండి, చల్లటి బండి చెప్పే జవాబు నమ్మలేం. నల్ల పొగ ఎక్కువగా వచ్చినా, బండి ముందుకు ఎగిరెగిరి పడుతున్నట్టు అనిపించినా పైపులు తారుమారయ్యాయేమో, ఒత్తిడి మించిపోతోందేమో చూసుకోవాలి. పక్కకు ఆపి, ఇంజిన్ చల్లారనిచ్చి, దారాల రంగులు సరిచూడండి. లైటు రాకుండా రెండుసార్లూ ఎక్కితే సోమవారం మామూలుగా బయల్దేరండి. మొదటి వారం మాత్రం పది నిమిషాలు ముందు బయల్దేరి, వంతెన మీద ఎవరినీ దాటే ప్రయత్నం చేయకండి.